రామాపురం బీచ్‌లో నాలుగు రాత్రులు: శనివారం కాదు, ఆదివారం సాయంత్రం దిగండి

ముందే చెప్పేస్తాను. చీరాల దగ్గరి రామాపురం బీచ్‌కి కుటుంబంతో, ముఖ్యంగా పెద్దవాళ్లతో వెళ్దామనుకుంటే శని, ఆదివారాలు వదిలేయండి. ఆదివారం సాయంత్రం జనం తిరుగుముఖం పట్టే వేళకి దిగి, బుధవారమో గురువారమో బయల్దేరండి. మేం జనవరిలో, సంక్రాంతి హడావుడి అయిపోయాక, ఒక శనివారం తెల్లవారుజామున దిగి బుధవారం రాత్రి రైలెక్కాం. అంటే అదే గది, అదే వరండా, అదే సముద్రం రెండు రకాలుగా చూశాం. ఆదివారం రాత్రే వెనక్కి వచ్చేసి ఉంటే రెండు స్టార్లు ఇచ్చేదాన్ని. ఇప్పుడు నాలుగిస్తున్నాను, ఆ తగ్గిన ఒక్కటి ఎందుకో కూడా చెప్తాను.

వెళ్లింది నలుగురం. నేను, మావారు, మూడో క్లాసు చదివే మా బాబు, మా అమ్మ. అమ్మకి 68 ఏళ్లు, తెలుగు టీచరుగా రిటైరైంది, రెండు మోకాళ్లూ నొప్పులే. నాన్న పోయాక ఎక్కడికి రమ్మన్నా "నడవలేనమ్మా, మీరెళ్లి రండి" అనేది. అందుకే ఈసారి తిరగాల్సినవి ఏమీ లేని చోటు వెతికాను. సముద్రం ఒడ్డున కూర్చోవడం, తినడం, పడుకోవడం, మళ్లీ కూర్చోవడం. అంతకు మించి ప్లాన్ వేయకూడదని ఇంట్లో అందరితో ఒట్టు వేయించుకున్నాను.

హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లకి రూటు తేలిక. సికింద్రాబాద్‌లో రాత్రి సింహపురి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి చీరాల. స్టేషన్ బయట ఆటో మాట్లాడుకుంటే అరగంటలోపు రామాపురం. మేం 300 ఇచ్చాం. సొంత కారులో రావడం కన్నా ఇదే నయం, డ్రైవింగ్ అలసటతో మొదటి రోజు పాడవదు.

మేం దిగింది పెద్ద రిసార్ట్ కాదు, ఒక కుటుంబం నడుపుకుంటున్న ఆరు గదుల చోటు. పేరు రాయడం లేదు. లోపాలన్నీ వాళ్లతో ముఖాముఖి చెప్పాను, విన్నారు, పేరు పెట్టి వాళ్ల పొట్ట కొట్టడం నాకిష్టం లేదు. పైగా ఆ వరసలో ఉన్న చిన్న స్టేలు చాలావరకు ఇదే తీరు కాబట్టి కింద రాసినవి మీరు ఎక్కడ దిగినా పనికొస్తాయి. గది ముందు వెడల్పాటి వరండా, అందులో చెక్క ఊయల, గేటు దాటితే సరుగుడు చెట్లు, వాటి మధ్య కాలిబాట, రెండు నిమిషాలు నడిస్తే ఇసుక. అమ్మ నడకకి నాలుగు నిమిషాలు. రోడ్డు దాటే పని లేదు, ఇది చాలా పెద్ద విషయం, బుక్ చేసే ముందు ఫోన్ చేసి "గేటు నుంచి ఇసుక దాకా మధ్యలో రోడ్డుందా" అని అడగండి.

శనివారం మధ్యాహ్నం దాకా బానే ఉంది. మూడింటి నుంచి కార్లు మొదలయ్యాయి. సాయంత్రానికి ఒడ్డంతా తిరునాళ్లే. పక్క రిసార్టులో డీజే పెట్టారు, రాత్రి పన్నెండు దాటినా ఆపలేదు, మా గది కిటికీ అద్దాలు అదురుతున్నాయి, అమ్మ చెవుల్లో దూది పెట్టుకుని పడుకుంది. మా ఓనరు పాపం రెండుసార్లు వెళ్లి అడిగొచ్చారు, తగ్గించినట్టే తగ్గించి మళ్లీ పెంచారు. ఆదివారం పొద్దున ఒడ్డుకెళ్తే సీసా పెంకులు. బాబు చెప్పులు విప్పుతానంటే విప్పనివ్వలేదు. సముద్రం దాకా వచ్చి పిల్లాడి కాళ్లకి ఇసుక తగలకుండా ఉంచాల్సి వచ్చిందంటే నాకు ఎంత బాధేసిందో చెప్పలేను. దయచేసి తాగేవాళ్లు తాగండి, సీసా మాత్రం మీ కారులోనే వెనక్కి తీసుకెళ్లండి.

ఆ రోజే ఇంకోటి జరిగింది. ఇరవై ఏళ్లుంటాయేమో, నలుగురు కుర్రాళ్లు నడుము లోతు నీళ్లలో ఆడుకుంటున్నారు. చూస్తుండగానే అందులో ఒకడు వెనక్కి, లోపలికి జరిగిపోతున్నాడు, ఒడ్డు వైపు చేతులు కొడుతున్నాడు కానీ ముందుకి రావడం లేదు. వలలు బాగుచేసుకుంటున్న ఇద్దరు మత్స్యకారులు పరిగెత్తి, పక్కనించి ఈదుకుంటూ వెళ్లి పట్టుకొచ్చారు. ఆ పిల్లాడు బతికాడు. బయటికొచ్చాక వాళ్లలో పెద్దాయన మావారికి చెప్పిన మాట ఇక్కడ ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "అలలు విరగని చోట నీళ్లు నెమ్మదిగా ఉన్నాయని దిగుతారు సార్, లోపలికి లాగేది అక్కడే." ఒడ్డుకి కొట్టిన నీళ్లన్నీ మళ్లీ సముద్రంలోకి పోవాలి కదా, అవి ఒక పాయ కట్టుకుని పోయే దారి అది. అటూ ఇటూ తెల్లటి నురగ ఉండి మధ్యలో ప్రశాంతంగా కనిపించే చోట దిగకండి. ఒకవేళ చిక్కుకుంటే ఒడ్డుకి ఎదురీదొద్దు, బలమంతా అయిపోతుంది. ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈదితే ఆ పాయ నుంచి బయటపడతారు. సూర్యలంక నుంచి వాడరేవు దాకా ఈ తీరంలో ఏటా పిల్లలు పోతున్నారు, పేపర్లలో చూస్తూనే ఉన్నాం. మేం నాలుగు రోజులూ మోకాలి లోతు దాటలేదు, ఆనందం ఏమీ తగ్గలేదు.

ఇక సోమవారం. ఆ పొద్దుట లేచి బయటికొస్తే చోటే మారిపోయింది. చప్పుడంటే అలలదే. ఆరున్నర దాటాక సూర్యుడు నీళ్లలోంచి పైకొచ్చాడు. మనది తూర్పు తీరం, సముద్రం మీద ఉదయమే తప్ప అస్తమయం కనపడదు, కాబట్టి సెలవే కదా అని ఎనిమిదింటి దాకా పడుకుంటే అసలు సంగతి పోగొట్టుకున్నట్టే. అమ్మ కోసం ప్లాస్టిక్ కుర్చీ మోసుకెళ్లి తడి ఇసుక అంచున వేశాం. వెనక కాళ్లు కొద్దిగా దిగబడి కుర్చీ కుదురుకుంది. పాదాలు అలకి తగిలేలా కూర్చుని అమ్మ రెండు గంటలు లేవలేదు. "కాఫీ తెమ్మంటావా" అంటే వద్దంది. ఆవిడ కాఫీ వద్దనడం నేనెప్పుడూ వినలేదు.

తొమ్మిదింటప్పుడు ఒడ్డునే వల లాగడం మొదలైంది. చూడకపోతే చూడండి, డబ్బులిచ్చి ఎక్కే జెట్ స్కీల కన్నా వంద రెట్లు నయం. ముందు ఒక తాడు కొస ఒడ్డున ఉంచేసి, పడవలో వలని అర్ధచంద్రాకారంలో సముద్రంలో వదిలేసుకుంటూ వెళ్లి, రెండో కొస కొంత దూరంలో మళ్లీ ఒడ్డుకి తెస్తారు. తర్వాత రెండు జట్లు రెండు తాళ్లు పట్టుకుని వెనక్కి నడుస్తూ లాగుతారు, లాగేకొద్దీ జట్లు రెండూ ఒకదానికొకటి దగ్గరవుతాయి, చివర్లో సంచి లాంటి భాగం వస్తుంది, చేపలన్నీ అందులో. "బాబూ, ఎంతసేపు లాగుతారు?" అని అమ్మ అడిగితే "గంటన్నర పడుద్దమ్మా" అన్నాడొకాయన. మా వాడు అక్కడే తచ్చాడుతుంటే "రారా బుడ్డోడా, తాడు పట్టుకో" అని పిలిచారు. వాడు అరచేతులు ఎర్రబడే దాకా లాగాడు. సంచి ఒడ్డుకొచ్చాక చూస్తే కవళ్లు, నెత్తళ్లు, నాలుగైదు సావడాయిలు, పీతలు. అంతమంది కష్టానికి అవి చాలా తక్కువని నాకే అనిపించింది. వాళ్లు మాత్రం ఏమీ అనుకోకుండా పాళ్లు వేసుకుని, మా వాడికి "నీ పాలు" అని గుప్పెడు నెత్తళ్లు ఆకులో పెట్టిచ్చారు. డబ్బులిస్తే తీసుకోలేదు. మధ్యాహ్నం వాటిని వేయించి పెడితే వాడు ఇంకెవర్నీ ముట్టుకోనివ్వలేదు, అమ్మమ్మకి మాత్రం రెండిచ్చాడు.

భోజనం గురించి గట్టిగా చెప్పాలి, ఆ స్టేకి నేనిచ్చిన నాలుగు స్టార్లలో రెండు వంటావిడవే. మా బాబు ఆవిడని మొదటి రోజు నుంచే మామ్మా అని పిలిచాడు. మెనూ కార్డంటూ ఉండదు. రాత్రి అడుగుతుంది, రేపు ఏం తింటారు అని. పొద్దున వాడరేవులో బోట్లు వచ్చే వేళకి ఆవిడ కొడుకు వెళ్లి, మనం చెప్పింది కాకపోయినా ఆ పూట తాజాగా ఏది దిగితే అది తెస్తాడు. వంజరం ముక్కలు పెనం మీద, చందువ ఇగురు, రొయ్యలు గోంగూర, ఇంకా మంగళవారం చేసిన చేపల పులుసు. ఆ పులుసు రాత్రి వండి పొద్దున వడ్డించింది, "ఇప్పుడే తింటే ఏం తెలుస్తుంది" అని. నిజమే, మర్నాటికి ముక్కకి పులుపు పట్టి వేరే రుచి వచ్చింది. కారం గుంటూరు కారమే, పిల్లలకి తగ్గించమని ముందే చెప్పండి. శాకాహారులకి పప్పు, వేపుడు, పండుమిరప పచ్చడి, పెరుగు, అంతే, రోజూ అంతే, ఆ విషయంలో ఎక్కువ ఆశించొద్దు. ఒక మాట గుర్తుంచుకోండి: తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, చేపలు గుడ్లు పెట్టే కాలమని మర బోట్ల వేట నిషేధం. వేసవి సెలవులకి వెళ్లి "తాజా వంజరం లేదా" అని వాళ్ల మీద కోప్పడితే లాభం లేదు. చేపల కోసం వెళ్లేవాళ్లయితే నవంబరు నుంచి ఫిబ్రవరి లోపల వెళ్లండి, ఎండ కూడా ఓర్చుకోగలం. మేం వెళ్లినప్పుడు తేగల కాలం, దారి పక్కన కట్టలు కట్టి అమ్ముతున్నారు, సాయంత్రం ఊయల్లో కూర్చుని తేగలు చీల్చుకుంటూ తింటే పొద్దెలా పోయిందో తెలీలేదు.

మధ్యాహ్నాలు పడుకున్నాం. దీనికి కూడా ఒక పేరా ఎందుకంటే, మనలో చాలామందికి టూరంటే టెన్షన్, పదింటికి ఇది, పన్నెండింటికి అది, ఫొటోలు, మళ్లీ పరుగు. మావారు మొదటి రెండు రోజులు అలాగే ఫోన్‌లో చుట్టుపక్కల చూడాల్సినవి వెతుకుతూ కూర్చున్నారు. సోమవారం భోజనమయ్యాక వరండాలో చాప వేసుకుని పడుకున్న మనిషి నాలుగున్నరకి లేచారు. ఆ వేళకి సముద్రం మీంచి చల్లగాలి బలంగా వస్తుంది. మా వాడు "పొద్దున లేని గాలి ఇప్పుడెందుకొచ్చింది అమ్మమ్మా" అన్నాడు. పగలు నేల తొందరగా వేడెక్కుతుందని, దాని మీది గాలి తేలికై పైకి లేస్తే ఆ ఖాళీలోకి సముద్రం మీది చల్లగాలి వస్తుందని, రాత్రి నేల ముందు చల్లబడి గాలి ఇటునించి అటు మళ్లుతుందని అమ్మ చెప్పింది. తెరచాప పడవల రోజుల్లో వేటకెళ్లేవాళ్లు తెల్లవారుజామున నేల గాలితో లోపలికెళ్లి, ఎండెక్కాక సముద్రపు గాలితో ఒడ్డు చేరేవాళ్లట. రిటైరై పదేళ్లయింది, ఆ గొంతులో మళ్లీ క్లాసు రూమ్ వినిపించింది నాకు.

ప్లాన్ వేయకూడదని ఒట్టు పెట్టినా మంగళవారం ఒక్కటి తప్పలేదు, అదీ అమ్మ అడిగిందని. వేటపాలెం లైబ్రరీ. రామాపురం నుంచి ఆటోలో కొద్ది దూరమే. సారస్వత నికేతనం 1918లో పుట్టింది, 1929లో గాంధీగారు వచ్చి భవనానికి శంకుస్థాపన చేశారు, ఆయన చేతికర్రని ఇప్పటికీ అక్కడ దాచి ఉంచారు. పాత తెలుగు పత్రికల సంచికలు కట్టలు కట్టలుగా ఉన్నాయి. సర్వీసంతా పిల్లలకి ఈ లైబ్రరీ గురించి చెప్పిందట అమ్మ, ఒక్కసారీ చూడలేదు. లోపల బల్ల దగ్గర కూర్చుని ఒక పాత సంచిక తిరగేస్తూ, కాగితం పెళుసుగా ఉందని వేలితో కాకుండా అరచేత్తో పేజీ లేపుతోంది. మేం గంట అనుకున్నాం, రెండున్నర గంటలున్నాం. ఎవరూ తొందర పెట్టలేదు, అక్కడున్న ఉద్యోగి అమ్మకి ఫ్యాన్ కింద కుర్చీ జరిపి వేశారు. బీచ్ ట్రిప్‌లో లైబ్రరీ ఏంటని అనుకోకండి, ఆ ఊరికి వెళ్లి ఇది చూడకుండా రావడం నాకైతే అన్యాయమనిపిస్తుంది.

వస్తూ వస్తూ జీడిపప్పు కొన్నాం, వేటపాలెం జీడిపప్పు తెలియనివాళ్లు తక్కువ. గుండ్లు ఒక కిలో, పాయసాల్లోకి బద్ద అరకిలో. దుకాణం వెనకే పిక్కలు కొట్టే చోటుంది, ఆడవాళ్లు చేతులకి బూడిద రాసుకుని కొడుతున్నారు, జీడి రసం తగిలితే చర్మం పొక్కిపోతుంది. అది చూశాక బేరమాడబుద్ధి కాలేదు. జాండ్రపేటలో మగ్గాల చప్పుడు వినిపిస్తే ఆటో ఆపించి ఒక ఇంట్లో కుప్పడం చీర నేస్తుంటే కాసేపు చూశాం, అమ్మకి ఒకటి కొన్నాను, అంతకన్నా షాపింగ్ చేయలేదు. దారిలో చీరాల-పేరాల గురించి అమ్మే మొదలుపెట్టింది. 1921లో మున్సిపాలిటీ పన్నులు కట్టబోమని దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి వెంట జనం ఇళ్లు వదిలేసి, ఊరి బయట రామనగర్ అని పాకలు వేసుకుని నెలల తరబడి ఉన్నారని చెప్తుంటే, ఆటో నడిపే అబ్బాయి వేగం తగ్గించాడు వినడానికి.

ఆ రాత్రి పౌర్ణమి దగ్గర్లోది. తూర్పు తీరానికి అస్తమయం లేకపోయినా ఇది ఉంది: పౌర్ణమి నాడు పొద్దు కుంకే వేళకే చంద్రుడు నీళ్లలోంచి లేస్తాడు, తర్వాత రోజూ ముప్పావుగంట పైన ఆలస్యమవుతాడు. మేం చూసింది రెండో రోజు, ఏడున్నర దాటాక. మొదట రాగి చెంబు రంగు, కాసేపటికి వెండి. తేదీలు మీ చేతిలో ఉంటే క్యాలెండర్‌లో పౌర్ణమి చూసుకుని, ఆ మర్నాడో ఆ పైరోజో వారం మధ్యలో పడేలా బుక్ చేసుకోండి. కార్తీక, మాఘ పౌర్ణములు మాత్రం వద్దు, సముద్ర స్నానాలకి జనం విపరీతంగా వస్తారు. జనవరి నుంచి మార్చి దాకా ఈ ఇసుకలోనే ఆలివ్ రిడ్లీ తాబేళ్లు రాత్రిపూట గుడ్లు పెట్టడానికి వస్తాయి, మాకు కనపడలేదు గానీ, రాత్రి ఒడ్డున టార్చిలైట్లు, ఫోన్ ఫ్లాష్‌లు కొట్టకండి, వెలుగు చూస్తే అవి వెనక్కి పోతాయి.

ఇక లోపాలు. గది నీళ్లు ఉప్పన, తలస్నానం చేస్తే జుట్టు అట్టలు కడుతుంది, తాగడానికి క్యాన్ నీళ్లు పెడతారు కానీ రోజుకొకటే. యాప్‌లో ఉన్న ఈత కొలను ఫొటో పాతది, మేం వెళ్లేసరికి అది ఖాళీ, రిపేర్లట. ఫొటో తీసేయకుండా అలాగే ఉంచడం నాకు నచ్చలేదు, బాబు రైల్లో వస్తున్నంతసేపూ దాని గురించే మాట్లాడాడు. సోమవారం రాత్రి కరెంటు పోతే జనరేటర్ వేయడానికి ఇరవై నిమిషాలు పట్టింది. రేటు శని, ఆదివారాలకి గది 4,500, మామూలు రోజుల్లో 2,800, మంచిగా ఉన్న రోజులే చౌక అన్నమాట. భోజనం విడిగా, నలుగురికి రోజుకి 1,600 దాకా అయింది, ఆ చేపలకి అది ఎక్కువ కాదు.

అన్నిటికన్నా నన్ను భయపెట్టింది బాత్రూమ్. నున్నటి టైల్స్, పట్టుకోవడానికి ఏమీ లేదు, కాళ్లకి ఇసుకతో తడి మీద అడుగేసి ఆదివారం అమ్మ జారబోయి తలుపు పట్టుకుని ఆగింది. ఆ ఒక్క స్టారు దానికే తగ్గించాను. బయల్దేరే రోజు ఓనర్‌తో అన్నాను, "అన్నయ్యా, కొలను సంగతి తర్వాత, ముందు గోడకి ఒక స్టీలు కడ్డీ, కింద గరుకు పట్టా వేయించండి, మా అమ్మ మళ్లీ వస్తానంటోంది" అని. ఆయన అక్కడే టేపు తెప్పించి, అమ్మని నిలబడమని చెయ్యి ఎంత ఎత్తుకి వస్తుందో కొలిచి, గోడ మీద పెన్సిల్‌తో గీత గీసుకున్నారు.